వీపు వెనక చప్పుడు

తలుపు పక్కన తోడల్లుడి చెప్పులు అంచుకి అంచు ఆనించి ఉన్నాయి, ఎవరో చూసి మెచ్చుకోవాలని కాదు, ఆ మనిషి ఏది విప్పినా అలాగే విప్పుతాడు, చెప్పులైనా తాడు ముడైనా ఎదుటివాడి మాటైనా. తనవి మాత్రం ఒకటి బోర్లా పడింది, రెండోది అలిగినట్టు గోడవైపు తిరిగింది. లేచి సర్దుదామా అనుకున్నాడు. సర్దితే వాటిని చూసి వీటిని సర్దుకున్నాడని ఎదురు బల్ల మీద కూర్చున్న నలుగురు వ్యాపారులకు తెలిసిపోతుంది. ఊరుకున్నాడు. మార్కెట్ ఆఫీసు వరండాలో ఈ బల్లకు ఒక కాలు పొట్టి, కదిలితే రాతి నేల మీద టక్కుమంటుంది, అందుకని బిగదీసుకుని కూర్చుంటే తలుపు అవతలి గొంతు వినబడుతోంది, మాట తెలియడం లేదు, గొంతు మాత్రం, బావిలోకి బిందె దించుతున్నట్టు తొందర లేకుండా. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే పొదుపు తప్పానని నొచ్చుకునే మనిషి ఇంతసేపు ఏం చెబుతున్నాడు. వాళ్లు ఇంతసేపు ఏం వింటున్నారు. ఇందాక లోపలికి టీ కూడా వెళ్లింది. పళ్లెంలో కప్పులు చూశాడు, విచారణకు పై ఆఫీసు నుంచి వచ్చినావిడకు ఒకటి, రాసుకునే గుమస్తాకు ఒకటి, ఇంకొకటి. ఇంకొకటి ఎవరికి. ఉల్లిపాయలు పండించుకునేవాడికి ఆఫీసు కప్పులో టీ. తను ఈ మార్కెట్లోనే గొంతు అరగదీసుకున్నాడు, తన తండ్రి అరగదీసుకున్న చోటే, పొద్దున్నే కుప్పల మధ్య నిలబడి వేలం వేస్తే ఆ కేక రోడ్డవతలి మంగలి షాపు అద్దంలో కూడా అదురుతుందని పేరు, కంచుగొంతు అంటారు తనను, ఆ కంచుగొంతు తడుపుకోవడానికి ఈ ఆఫీసు కప్పు ఎన్నడూ రాలేదు.

తోడల్లుడి తర్వాత పిలుపు తనకే. ఉల్లిపాయల వేలంలో వ్యాపారులు నలుగురు కూడబలుక్కుని ధర తొక్కిపెడుతున్నారని ఫిర్యాదు పెట్టింది తోడల్లుడు, వేలం వేసేది తను, కాబట్టి నువ్వేం చూశావని తనను అడుగుతారు. అడగనీ. చెప్పడానికి ఏం కరువు. ఇవాళ పెళ్లికొడుకులా నిద్రలేచాడు, గడ్డం గీసుకున్నాడు, ఏది ముందు ఏది తర్వాతో అద్దంలో చూసుకుంటూ పెదాలతోనే వల్లించుకున్నాడు, వెనక నుంచి ఇంటావిడ, “చూసింది చెప్పి రండి చాలు, మా మరిది ఎంతో కష్టపడ్డాడు” అంది. మా మరిది. ఆ రెండు మాటల్లో ఎంత నెయ్యి. కట్టుకున్నవాడి గురించి చెప్పేటప్పుడు ఆవిడ గొంతు గచ్చు మీద చీపురులా ఉంటుంది, చెల్లెలి మొగుడి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. మా మరిది తాగడు, మా మరిది అరవడు, మా మరిది మా చెల్లెలికి కుట్టు మిషను కొనిచ్చాడు. ఆ మిషను కొనిచ్చి ఎన్నాళ్లయిందో, ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆవిడ దాని చక్రం మీద చెయ్యి వేసి ఊరికే ఒకసారి తిప్పుతుంది, తిప్పి తనవైపు చూడకుండా ఉంటుంది, చూసినా బాగుండేది.

టీకొట్టు దగ్గర ఆ అరుగు తనది. వేలం అయ్యాక తను వచ్చి కూర్చుంటే తప్ప అక్కడ మాట మొదలయ్యేది కాదు. వానొస్తుందని చెప్పే ఆఫీసువాళ్లు విత్తనాల కంపెనీతో ఒకటి, విత్తనాలవాడు పురుగుమందువాడితో ఒకటి, పురుగుమందు తిని మనం జబ్బు పడితే మందుబిళ్లలు అమ్మేవాడు ఆ పురుగుమందువాడి వియ్యంకుడే, బల్బు ఏడాది తిరక్కుండా మాడిపోయేది అందుకే, చెప్పు వారు తెగేది అందుకే, బడిలో పిల్లలకు లెక్కలు కష్టంగా చెప్పేది కూడా అందుకే, లెక్క తెలిస్తే వాళ్ల లెక్క తేలుతుందని. జనం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. “మామా, నా టీ పల్చగా ఉందంటున్నారు, ఇందులో ఎవరెవరున్నారంటావు” అని టీకొట్టువాడు అడిగితే, “పాలవాడున్నాడు, నువ్వున్నావు, పంపు నీళ్లున్నాయి, గేదెకు మాత్రం ఏమీ తెలియదు” అన్నాడు తను, ఆ మాట వారం రోజులు మార్కెట్ అంతా తిరిగింది. అలాంటి రోజుల్లోనే ఒకరోజు అరుగు చివర, ఎండ పడే చోట, ఎవరూ కూర్చోని చోట కూర్చున్న తోడల్లుడు గ్లాసు కింద పెట్టి, “అన్నయ్యా, ఒకవేళ మీరు చెప్పింది తప్పయితే, అది తప్పని మనకు ఎట్లా తెలుస్తుంది” అని అడిగాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు, దారి అడిగినట్టు. “తప్పయితే కదయ్యా తెలియడానికి” అన్నాడు తను, అందరూ నవ్వారు, ఆ పూట తనే గెలిచాడు, కానీ ఉల్లిపొర గొంతులో అంటుకున్నట్టు ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది, మింగితే దిగదు, దగ్గితే రాదు. ఎవరైనా నీ మాటకు రుజువేదంటే, చూశారా ఎంత బాగా దాచారో అనేవాడు తను. రుజువు దొరికితే రుజువు, దొరక్కపోతే ఇంకా పెద్ద రుజువు. అంత కట్టుదిట్టమైన ఇల్లు కట్టుకున్నాడు, దానికి తలుపు లేదన్న సంగతి ఆ రోజు గుచ్చుకుంది.

ఆ తర్వాత ఆ మనిషి తన పని తాను మొదలుపెట్టాడు. అదీ వింతే, ఉల్లిపాయలు ఏరినట్టు. కుళ్లు వాసన వస్తే కుప్పంతా కుళ్లిందనడు, కుప్పంతా మంచిదే అనీ అనడు, ఒక్కొక్కటి అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూసి ఇటు వేస్తాడు లేదా అటు వేస్తాడు. ముందు కాటా మీద అనుమానపడ్డాడు, తన సరుకు వేరేచోట తూయించి తెచ్చి ఇక్కడ తూయించాడు, తేడా లేదు. మర్నాడు అరుగు దగ్గరికి వచ్చి అందరి ముందూ, “కాటా సరిగ్గానే ఉంది, నేనే పొరపాటు పడ్డాను” అన్నాడు, కాటా మనిషి దగ్గరికి వెళ్లి అతనితో కూడా అన్నాడు. అయిపోయింది, ఇక వీడి మాట ఎవడూ నమ్మడు అనుకున్నాడు తను, లోపల ఒక తియ్యటి మూలుగు కూడా పుట్టింది. అయితే జనం ఎండలోకి జరిగి అతని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే. అది ఇప్పటికీ అర్థం కాదు. పొరపాటు పడ్డానని చెప్పినవాడి దగ్గరికి జరుగుతారా ఎవరైనా. తర్వాత మార్కెట్ గుమస్తాను తప్పు లేదని పక్కన పెట్టాడు, లారీలవాళ్లను పక్కన పెట్టాడు, ఆ తర్వాత తనను కూడా చూశాడు. కొన్నాళ్లు కుప్పల పక్కన నిలబడి, ఆ నలుగురు పాడినప్పుడు తను ఒకటోసారి రెండోసారి మూడోసారి త్వరగా అనేస్తున్నాడా, మిగతావాళ్లకు ఆగుతున్నాడా అని చూశాడట. తేడా లేదట. “అన్నయ్యకేం తెలియదు. అన్నయ్య మంచివాడు” అని టీకొట్టు దగ్గర చెప్పాడట. మంచివాడు. ఏం తెలియదు. దొంగ అన్నా బాగుండేది, దొంగంటే కనీసం లోపలి మనిషి. లోకంలో ఎక్కడెక్కడి గూడుపుఠాణీలూ చెప్పినవాడు, కూడబలుక్కున్న నలుగురి నడుమ నిలబడి ఇన్నేళ్లు కేకలు వేసి, అందులో పాపం పంచుకోనూ లేదు, పట్టుకోనూ లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని ఇంటావిడ ఇంకా అనలేదు, అంటుంది, వాయిదా వేసుకుని ఉంది.

మిగిలింది ఆ నలుగురు. ఏ కుప్ప ఎవరికి పోతుందో వేలానికి ముందే టీకొట్టువాడికీ మంగలికీ చెప్పి చూశాడు తోడల్లుడు. చాలాసార్లు నిజమయ్యేది, కొన్నిసార్లు తప్పేది, తప్పినవి తనే ముందు చెప్పేవాడు. ఒకడు పాడుకున్న బస్తాలు ఇంకొకడి గోదాములో దిగుతున్నాయని చూశాడు, ఇద్దరిని తీసుకెళ్లి చూపించాడు. విత్తనాలవాడి జోలికి పోలేదు, వాన జోలికి పోలేదు, “నాకు తెలిసింది ఉల్లిపాయలు, ఈ నలుగురు, ఈ మార్కెట్” అన్నాడు. ఇంతే. ఇంత చిన్నది. పిడికెడు. ఆ పిడికెడు కోసం పై ఆఫీసు నుంచి కారు వచ్చింది, తన అంత పెద్ద కథకు సైకిలు కూడా రాలేదు. అయితే ఒకచోట ఆగిపోయిందన్నది మార్కెట్ అంతటికీ తెలుసు, మొదటి రోజు విచారణలోనే పై ఆఫీసు ఆవిడ అడిగిందట, కుప్పలు ఏవి వస్తాయో ముందు తెలియదు, వేలంలో వీళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మరి ఈ ధర దగ్గర ఆగిపోదామని నలుగురికీ ఒకేసారి ఎట్లా తెలుస్తుంది, అది తేలకపోతే కాకతాళీయం అంటారు, నిలబడదు అని. దానికి తోడల్లుడి దగ్గర జవాబు లేదు. ఆ కబురు విన్న రోజు తను రెండు గ్లాసుల టీ తాగాడు.

నిన్న సాయంత్రం గొడుగాయన ఇంటికి వచ్చాడు. ఆ నలుగురిలోనూ పెద్దవాడు, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు, కర్ర పిడి, కింద ఇనప మొన, అందుకే ఆ పేరు. వచ్చి, ఇంటావిడ వేసిన కుర్చీలో కాకుండా తన పక్కన మంచం మీదే కూర్చున్నాడు. “తమ్ముడూ, మీ తోడల్లుడు ఏదో ఉల్లిపొట్టు పట్టుకుని ఊగుతున్నాడు గానీ, అసలు సంగతి మొదటినుంచీ చెబుతున్నది నువ్వు కదా. మాకు తెలియదా. రేపు ఆవిడ ముందు అంతా చెప్పు. మా నలుగురితోనే ఆపకు. వాన, విత్తనాలు, మందుబిళ్లలు, ఎవరెవరు ఎవరెవరితో కలిశారో అంతా. సగం చెబితే నిజం కూడా అబద్ధమైపోతుంది” అన్నాడు. “మీ పేరు కూడా చెబుతాను మరి” అన్నాడు తను. “చెప్పు, నాదే ముందు చెప్పు” అని భుజం తట్టాడు. మనిషంటే అలా ఉండాలి. మొహం మీద చెప్పమన్నాడు. ఆ భుజం ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంతోనే ఇవాళ ఇక్కడికి వచ్చాడు, లోపలికి వెళ్లగానే కాలు ఎక్కడ పెట్టాలి, గొంతు ఎక్కడ ఎత్తాలి, ముందు వాన, తర్వాత విత్తనం, చివర ఉల్లిపాయ, ఉల్లిపాయ అంటే అందులో వెంట్రుకవాసి, తోడల్లుడు పట్టుకున్నది ఏనుగు తోక అని ఆవిడకు అర్థమవ్వాలి, ఏనుగును చూపేవాడు ఎవరో ఆవిడకు అర్థమవ్వాలి, గుమస్తా పరుగెత్తుకెళ్లి ఇంకో కప్పు తేవాలి.

నడుము పట్టేసి కాస్త కదిలాడు. బల్ల పొట్టి కాలు నేలను తాకింది. టక్.

ఎదురు బల్ల మీద గొడుగాయన పక్కన లారీ టైర్ల గురించి మాట్లాడుకుంటున్న ముగ్గురు వ్యాపారులు ఆగిపోయారు.

ఒకడు మాట మధ్యలో ఆగాడు, టైరు అరిగి అన్నవాడు అరిగి దగ్గరే. ఊపిరి తీసుకోవడానికి ఆగితే గొంతు చివర కాస్త గాలి ఉంటుంది, ఎవరైనా వస్తుంటే ఆగితే తల తిరుగుతుంది, ఇది అలా కాదు, ఇది కోసేసినట్టు, ముగ్గురూ ఒకేసారి. ఈ నిశ్శబ్దం తనకు తెలుసు. ఎక్కడ. వీపు. వీపుకు తెలుసు. తండ్రి వేలం నేర్పిన రోజు రెండు భుజాలూ పట్టుకుని కుప్పవైపు తిప్పి నిలబెట్టాడు, వ్యాపారులకు వీపు పెట్టించాడు, “మొహం చూస్తే మొహమాటం వస్తుంది, సరుకు చూడు, గొంతు విను” అన్నాడు, అప్పటినుంచి ఈ మార్కెట్లో వేలం వేసేవాడు వ్యాపారుల మొహం చూడడు, పాట వినబడితే చాలు ఎవరిదో తెలుస్తుంది, దగ్గు ఎవరిదో తెలుస్తుంది, చెప్పు ఎవరు ఈడుస్తారో తెలుస్తుంది. తోడల్లుడు ఎన్ని రోజులు నిలబడి చూసినా కళ్లతో చూశాడు. తను ఎన్నడూ చూడలేదు. విన్నాడు. పాట ఎక్కుతుంది, ఎక్కుతుంది, ఒకచోట వెనక నుంచి చిన్న చప్పుడు, రాతి మీద ఇనప మొన, పెద్దాయన కాలు మార్చుకున్నాడనుకునేవాడు, ఆ వెంటనే నిశ్శబ్దం, ఇంకెవరైనా ఉన్నారా అని తను అరిచినా నిశ్శబ్దం, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. ఆ చప్పుడు కోసం తను ఆగేవాడు కూడా, పాపం పెద్దాయన సర్దుకోనీ అని. ఆగేవాడు. తనే.

లేదు. బల్ల చప్పుడుకు ఉలిక్కిపడి ఉంటారు. విచారణ రోజు ఎవరికైనా ఉలుకే. ఇదిగో, ఇలాగే మొదలవుతుంది తనకు, ఒక చప్పుడు వినబడితే దానికి కొమ్మలు, కొమ్మలకు కాయలు. తప్పయితే ఎట్లా తెలుస్తుంది. ఆ గొంతు లోపల తలుపు అవతల ఎవరితోనో మాట్లాడుతోంది, ఇక్కడ తన చెవిలోనూ అదే అడుగుతోంది, ఛీ, ఇక్కడ కూడా నువ్వేనా. సరే. ఉలికిపాటైతే రెండోసారికి అలవాటు పడతారు. వాళ్లు మళ్లీ టైర్లలో పడేదాకా ఉన్నాడు, మాట వేడెక్కింది, ఎవడో ఎవడి టైర్లనో తిట్టాడు, నవ్వారు, అప్పుడు మోకాలితో కొంచెం, చాలా కొంచెం. టక్. ఇద్దరు ఆగారు. మూడోవాడు నవ్వు ఆపలేక రెండు మాటలు ఎక్కువ అని అప్పుడు ఆగి, పక్కవాణ్ణి చూసి, ఎందుకు ఆగానా అన్నట్టు ముక్కు గోక్కున్నాడు. చూసి ఉంటే నమ్మేవాడు కాదు, విన్నాడు కాబట్టి నమ్మాడు. వాళ్లకే తెలియదు. నాగలెద్దు మలుపు దగ్గర తనంత తాను తిరిగినట్టు. గొడుగాయన ఒక్కడే ఆగలేదు. ఆయన మూడుసార్లు తల ఊపి ఏదో అంటూనే ఉన్నాడు, ఆపించేవాడు ఆగడు కదా, తర్వాత మెల్లగా తలెత్తి ఈ బల్ల కాలువైపు చూసి, అక్కడినుంచి తన మోకాలువైపు, అక్కడినుంచి మొహంవైపు చూశాడు. చేతిలో గొడుగు లేదు. ఫిర్యాదు పడినప్పటినుంచి లేదు, నిన్న కూడా లేదు, అది నిన్న కనబడలేదు, ఇవాళ కనబడుతోంది, కుడిచెయ్యి మోకాలి మీద ఉంది, వేళ్లు పిడి చుట్టూ వంగినట్టే వంగి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. ఆయన నవ్వాడు. నిన్నటి నవ్వే.

ఆ గొడుగు ఒకసారి తన ఇంటికి వచ్చింది. ఎందుకు గుర్తుకొచ్చింది. వానలు పట్టి కుప్పల మీద గోనెలు కప్పి వేలం వేస్తున్న రోజులు, మధ్యాహ్నం జోరున కురుస్తుంటే గొడుగాయన లారీ ఎక్కుతూ, తీసుకెళ్లు తమ్ముడూ అని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఎంత గర్వపడ్డాడు తను ఆ గొడుగు కింద నడుస్తూ. ఇంటి మూల నిలబెడితే కింద నీళ్ల మడుగు కట్టింది, ఆవిడ విసుక్కుంటూ గుడ్డ వేసింది. మర్నాడు గొడుగు తేవడం మరిచిపోయి మార్కెట్‌కు వచ్చాడు. ఆ రోజు వేలం, ఆ రోజు వేలం గుర్తుంది, గొంతుల మీద గొంతులు పడ్డాయి, ఎన్నడూ ఒకరి మీద ఒకరు పట్టుబట్టి పాడని నలుగురు ఒకరిని ఒకరు తోసుకున్నారు, ఎవరో తిట్టుకున్నారు కూడా, ధర ఎక్కడికో పోయింది, రైతులు గోనెల కిందే ఒకరి వీపులు ఒకరు చరుచుకున్నారు. తను ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని, వాన ఆఫీసువాళ్లు ఓడరేవు దగ్గర ఏదో చేశారని గంటసేపు చెప్పాడు. అందరూ విన్నారు. మర్నాడు తెల్లారకుండానే గొడుగాయన తడుచుకుంటూ ఇంటికి వచ్చాడు, ఊచ విరిగిన పాత గొడుగు కోసం, తల మీద గోనె కప్పుకుని. “గొడుగు కోసం ఇంత తడిసినవాణ్ణి నేనెక్కడా చూడలేదు” అని ఆవిడ నవ్వింది. తనూ నవ్వాడు. వాన వల్ల ధర పెరిగిందా. పెరగొచ్చు. ఆ ముందూ వాన ఉంది, ఆ తర్వాతా ఉంది, సరుకు తక్కువగానే వచ్చింది, ధర మాత్రం ఆ ఒక్క రోజే పెరిగి మర్నాడు చెప్పినట్టు విని దిగింది. ఆ రోజు అమ్మినవాళ్లలో తోడల్లుడు ఉన్నాడు. ఉన్నాడని ఎట్లా గుర్తు. ఎట్లా గుర్తేమిటి, ఆ వారమే కదా కుట్టు మిషను వచ్చింది. చెక్క పెట్టెలో రిక్షా మీద వచ్చింది, తను ఒక పక్క పట్టి దింపాడు, మరదలు కళ్లు తుడుచుకుంది, ఆవిడ చక్రం మీద చెయ్యి వేసింది, తనవైపు చూడలేదు. ఇన్నేళ్లు కడుపులో తిరిగిన ఆ చక్రం, అది తిరగడానికి తన ఇంటి మూల నిలబడ్డ గొడుగు కారణం. తను మరిచిపోయి రావడం కారణం. నవ్వొచ్చింది, దగ్గులా మార్చాడు.

అయితే. అయితే ఇది చెబితే ఏమవుతుంది. తోడల్లుడి గోడకు ఆ ఒక్క ఇటుకే తక్కువ, అది తను తీసుకెళ్లి అమర్చి రావాలి, ఇల్లు ఆయనది, గృహప్రవేశం ఆయనది, ఇటుక మోసినవాడు బయట. పైగా నవ్వుతారు. ఇన్నేళ్లు వింటూ ఉన్నావా, ఆ చప్పుడు కోసం ఆగేవాడివా, పాపం పెద్దాయన అనుకున్నావా. టీకొట్టువాడు, మామా గేదెకు ఏమీ తెలియదన్నావు చూడు అంటాడు, అక్కడ ఆపి అందరి మొహాలూ చూస్తాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పకపోవడం కూడా అక్కర్లేదు, వాన, విత్తనాలు, మందుబిళ్లల కింద ఉల్లిపాయను పూడ్చేస్తే చాలు, అబద్ధం కూడా కాదు, అంతా నమ్మిందే, పై ఆఫీసు ఆవిడ మొదట రాసుకుంటుంది, తర్వాత కలం ఆపుతుంది, తర్వాత గుమస్తావైపు చూసి పెదవి బిగిస్తుంది, ఆ తోడల్లుళ్లిద్దరూ ఒక తాను ముక్కలేలే అనుకుంటుంది, కాగితాలు కట్టేస్తుంది. అప్పుడిక పెద్దా చిన్నా లేదు, ఇద్దరూ ఒకే అరుగు మీద. అందుకే. అందుకే మంచం మీద కూర్చున్నాడు గొడుగాయన. నాదే ముందు చెప్పు అన్నాడు. పేరు బయటపడితే భయపడాల్సినవాడు పేరు చెప్పమని భుజం తట్టాడు, ఏనుగంత అబద్ధం పక్కన ఎలుకంత నిజం కూడా అబద్ధమైపోతుందని తెలిసినవాడు. లోకంలో ఇంతమంది తనమీద కుట్ర పన్నారని చెప్పుకున్నాడు గానీ, నిజంగా ఒకడు ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, తన నోటినే గొడుగుగా వాడుకుందామని చూసిన కుట్ర ఇదొక్కటే, దీన్ని పట్టుకోవడానికి ఇంతసేపు పట్టింది. భుజం చల్లబడింది. అక్కడ చెయ్యి పడిన చోటే చల్లబడింది.

తలుపు తెరుచుకుంది. తోడల్లుడు బయటికి వచ్చాడు, మొహం వడిలిపోయింది, కప్పు చేతిలోనే ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తాగలేదు. నిండా ఉంది, పైన మీగడ కట్టింది.

“ఇదిగో, మీరు తాగండి అన్నయ్యా. నాకు దిగలేదు.”

“ఇంతసేపు ఏం చెప్పావు?”

“ఏం లేదు. అదే అడుగుతున్నారు. ఎట్లా చెప్పుకుంటారు, ఎట్లా చెప్పుకుంటారు అని. తెలియదన్నాను.”

“తెలియదని చెప్పొచ్చావా?”

“తెలియదు కదా మరి.” చెప్పులవైపు చూశాడు, తొడుక్కోలేదు. “ఇక్కడితో మూసేస్తారేమో. నేనే ఎక్కడో తప్పు చూసుంటాను.”

ఎండలో అరుగు చివర కూర్చున్నప్పటి గొంతే. ఒక్క క్షణం ఆ మనిషి మీద ప్రేమ లాంటిది పుట్టబోయి, వెంటనే పక్కనే, దానికంటే గట్టిగా, ఇంకొకటి పుట్టింది, ఈయనకు తెలియదు, నాకు తెలుసు. ఈయనకు తెలియనిది, ఎన్ని రోజులు నిలబడి చూసినా తెలియనిది ఒకటుంది, అది నా వీపుకు తెలుసు. సిగ్గుపడాల్సిన మాటే. కానీ లేచి నిలబడటానికి కాళ్లలో బలం వచ్చింది ఆ మాట వల్లే. టీ పూర్తిగా తాగాడు, చల్లగా ఉంది, ఖాళీ కప్పు తోడల్లుడి చేతిలో పెట్టాడు. “ఇక్కడే కూర్చో. ఆ బల్ల కదిలించకు” అన్నాడు.

లోపల కిటికీ వెలుతురు, కాగితాలు, కళ్లజోడు పైకి తోసుకుంటున్న ఆవిడ. తలుపు తెరిచే ఉంది, వరండా అంతా వీపు వెనక ఉంది. అలవాటు చొప్పున అలాగే నిలబడ్డాడు, మొహాలవైపు కాకుండా బల్ల మీది కాగితాల కుప్పవైపు చూస్తూ. మీరు ఏం చూశారు అని ఆవిడ అడిగింది.

“నేనేం చూడలేదమ్మా. వేలం వేసేటప్పుడు వాళ్లవైపు చూడను. విన్నాను.” గొంతు తగ్గించడం చేతకాక మామూలుగానే చెప్పాడు, అంటే వరండా అవతలికి కూడా వినబడింది. గొడుగు మొన చప్పుడు గురించి చెప్పాడు, ఆ తర్వాతి నిశ్శబ్దం గురించి చెప్పాడు, ఆ చప్పుడు కోసం తను ఆగేవాడినని కూడా చెప్పాడు, గుమస్తా కలం ఒకసారి ఆగి మళ్లీ కదిలింది. గొడుగు తన ఇంట్లో ఉండిపోయిన రోజు గురించి చెప్పాడు. “తేదీ నాకు తెలియదు. మా మరదలు కుట్టు మిషను కొన్న వారం. వాళ్లను అడిగితే చెబుతారు. ఆ రోజు ఎవరు ఎంతకు పాడుకున్నారో మీ ఆఫీసులోనే ఉంటుంది, ముందురోజుదీ తర్వాతి రోజుదీ కూడా తీసి చూడండి. నా మాట తప్పయితే అక్కడ తెలుస్తుంది.”

వీపు వెనక ఎవరూ దగ్గలేదు, ఎవరి చెప్పూ ఈడ్చుకోలేదు.

“ఇంకేమైనా ఉందా?” అంది ఆవిడ.

ఉంది. వాన ఉంది, విత్తనాలున్నాయి, మందుబిళ్లలున్నాయి, మాడిపోయిన బల్బులన్నీ ఉన్నాయి, నాలుక మీద బరువుగా, ఒక్కటి వదిలితే మిగతావి వాటంతటవే దొర్లుతాయి, గొడుగాయన చెవులు రిక్కించుకుని ఆ ఒక్కదాని కోసమే చూస్తూ ఉంటాడు. తను ఊరుకున్నాడు.

“ఇంకేమైనా చెప్పాలా?” అని రెండోసారి అడిగింది.

ఇన్నేళ్లు తను అరిచిన ప్రశ్నే. ఇంకెవరైనా ఉన్నారా, ఇంకెవరైనా. అరవడమే తెలుసు, వినేవాడి గొంతులో ఏం జరుగుతుందో ఇవాళే తెలిసింది. ఉమ్మి మింగాడు. ఎన్నాళ్లుగానో అంటుకున్న ఉల్లిపొర దానితోపాటు దిగినట్టనిపించింది.

ఆవిడ కళ్లజోడు తీసి, మూడోసారి చూపుతోనే అడుగుతున్నట్టు తన మొహంలోకి చూసింది. తను పెదవి కదపలేదు.